పప్పు పిండి, రక్తంలో చక్కెర, ఆకలి: మన దానపు సంచికి ఒక పాఠం



ఏటా మీరు పంపే జకాత్, సదఖా సొమ్ములో కొంత భాగం రమజాన్ నెలలో ఆహారపు కిట్‌గా మారి పేద ఇళ్ళకు చేరుతుంది. బియ్యం, చక్కెర, మైదా, సేమ్యా, నూనె, కొద్దిగా కందిపప్పు, ఖర్జూరాలు: సాధారణంగా మన ఊళ్ళలో ఎవరు కిట్ కట్టినా అందులో ఉండేవి ఇవే. ఈ సంచిని అందుకునే చేతుల్లో వితంతువులవి, వృద్ధులవి ఎక్కువ. వారిలో చాలామంది రోజూ షుగర్ మాత్ర వేసుకునేవారే. ఆకలి తీర్చాలని మనం ఇచ్చే సంచి వారి జబ్బును పెంచకూడదు కదా! అందుకే ఈ ఏడాది సావనీర్‌కు పాఠ్యాంశంగా శనగ, పెసర, మినుము వంటి పప్పుల పిండితో చేసిన వంటలు మన రక్తంలోని చక్కెర మీద, ఆకలి మీద ఎలా పనిచేస్తాయన్న విషయాన్ని ఎంచుకున్నాం.

మేము వైద్యులం కాము, ఉపాధ్యాయులం. తెలిసిన విషయాన్ని తరగతి గదిలో చెప్పినట్టు వరుసగా చెప్పడమే మా పని. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే చివరి మాట.

సమస్య ఎంత పెద్దది?

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన మధుమేహ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. అంటే వారి రక్తంలో చక్కెర ఉండవలసిన దానికంటే ఎక్కువే, కానీ ఇంకా జబ్బు స్థాయికి చేరలేదు. తిండి మార్చుకుంటే అందరికంటే ఎక్కువ మేలు పొందేది ఈ రెండో వర్గమే.

మన తెలుగు నేల మీద పళ్ళెం నిండా అన్నం, పక్కన కొంచెం కూర, పైన రెండు చెంచాల పప్పు: ఇదే భోజనం. పేద ఇంట్లో ఆ పప్పు కూడా పలుచబడి చారు అవుతుంది. పిండి పదార్థం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. చిక్కు ఇక్కడే ఉంది.

తిన్న తర్వాత రక్తంలో జరిగేది

అన్నంలో, రొట్టెలో, పప్పులో ఉండే పిండి పదార్థం పేగుల్లో విడిపోయి గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. ఎంత తిన్నామన్నది ఒక సంగతి. అది ఎంత వేగంగా రక్తంలోకి చేరిందన్నది మరో సంగతి. ఒక్కసారిగా చేరితే చక్కెర ఎగబాకుతుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ పెద్ద మొత్తంలో కావాలి. మధుమేహం ఉన్నవారికి ఆ ఇన్సులిన్ చాలదు, లేదా సరిగా పనిచేయదు.

ఈ వేగాన్ని కొలవడానికి కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెన్కిన్స్, ఆయన సహచరులు 1981లో ఒక కొలబద్దను ప్రచురించారు. దాని పేరు గ్లైసీమిక్ ఇండెక్స్. మామూలుగా 50 గ్రాముల పిండి పదార్థం ఉండేంత ఆహారాన్ని పెట్టి, రెండు గంటల పాటు రక్తంలో చక్కెర ఎలా పెరిగి తగ్గిందో చూస్తారు. శుద్ధ గ్లూకోజ్‌కు 100 మార్కులు వేసి, దానితో పోలుస్తారు. 55, అంతకంటే తక్కువ వస్తే నిదానమైన ఆహారం. 70, అంతకంటే ఎక్కువ వస్తే వేగమైన ఆహారం. మన పరీక్షల్లో ఎక్కువ మార్కులు వస్తే గొప్ప, ఇక్కడ మాత్రం తక్కువ వస్తేనే గొప్ప!

2008లో వచ్చిన అంతర్జాతీయ పట్టికలో సగటు అంకెలు ఇలా ఉన్నాయి: తెల్ల గోధుమ బ్రెడ్ 75, తెల్ల అన్నం 73, గోధుమ చపాతీ 52, ఖర్జూరం 42, ఉడికించిన మసూర్ వంటి పప్పులు 32, ఉడికించిన శనగలు 28. బియ్యం రకాన్ని బట్టి, వండే తీరును బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. అయినా అన్నానికీ శనగలకూ మధ్య ఉన్న దూరం చూడండి, సగం కంటే తక్కువ.

పప్పుకు ఆ నిదానం ఎక్కడిది?

మొదటి కారణం పప్పులోని పిండి పదార్థపు అల్లిక. అందులో అమైలోజ్ అనే రకం పాలు ఎక్కువ. అది గట్టిగా పెనవేసుకుని ఉంటుంది కనుక జీర్ణరసాలు దాన్ని విడదీయడానికి సమయం పడుతుంది. కొంత భాగం అరగకుండానే పెద్దపేగుకు చేరి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది.

రెండో కారణం మాంసకృత్తులు, పీచు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, మైదాలో 10 గ్రాములు. శనగపప్పులో 21 గ్రాములకు పైనే, మినప్పప్పులో 23, పెసరపప్పులో దాదాపు 24 గ్రాములు. పీచు సంగతి కూడా అంతే. బియ్యంలోనూ మైదాలోనూ 3 గ్రాముల లోపు ఉంటే శనగపప్పులో 15 గ్రాముల దాకా ఉంది. పీచు, మాంసకృత్తులు కలిసి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. కడుపు నిదానంగా ఖాళీ అయితే చక్కెర కూడా నిదానంగానే రక్తానికి చేరుతుంది.

మూడో కారణం కణాల గోడలు. శనగగింజలో పిండి పదార్థం చిన్న చిన్న గదుల్లో దాచినట్టు ఉంటుంది. గది గోడ చెక్కుచెదరకుండా ఉన్నంత సేపు లోపలి పిండిని జీర్ణరసం అందుకోలేదు.

మరి పిండి ఆడిస్తే ఆ గుణం పోదా?

ఇది తెలివైన విద్యార్థి తప్పక అడిగే ప్రశ్న. కొంత పోతుంది. మరలో మెత్తగా నలిగినప్పుడు ఆ గోడలు చాలావరకు పగులుతాయి. కనుక గుగ్గిళ్ళంత నిదానం శనగపిండికి ఉండదు. అయితే అమైలోజ్ ఎక్కడికీ పోదు, మాంసకృత్తులు పోవు, పీచు పోదు. అందువల్ల మైదాతో, బియ్యప్పిండితో పోలిస్తే శనగపిండి ఇప్పటికీ నిదానమైనదే. వరుస ఇలా గుర్తుంచుకోండి: గింజ అన్నిటికంటే మేలు, తర్వాత బరకగా ఆడించిన పిండి, ఆ తర్వాత మెత్తటి పిండి. పొట్టుతో సహా ఆడిస్తే ఇంకా మంచిది.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు తోటి శాస్త్రవేత్తలతో కలిసి కణాల గోడలు పగలకుండా శనగలను పొడి చేసే పద్ధతి ఒకటి కనిపెట్టారు. గోధుమపిండిలో కొంత భాగం తీసేసి, ఆ పొడి కలిపి బ్రెడ్ చేసి ఆరోగ్యవంతులకు పెట్టారు. మామూలు బ్రెడ్‌తో పోలిస్తే చక్కెర పెరుగుదల 40 శాతం వరకు తగ్గినట్టు 2021లో ప్రచురించారు. మన ఊరి గిర్నీలో ఆడించిన పిండికి అదే ఫలితం వస్తుందని చెప్పకూడదు. కానీ ఆ ప్రయోగంలోని సూత్రం మనకు పనికొస్తుంది. వారు శనగపొడిని గోధుమపిండికి బదులుగా వాడారు, అదనంగా కాదు. రోజూ తినే మూడు రొట్టెలకు తోడు నాలుగోది శనగపిండి రొట్టె తింటే చక్కెర తగ్గదు, పెరుగుతుంది. "బదులుగా" అన్న ఈ ఒక్క మాట కోసమే ఈ పాఠమంతా అనుకున్నా తప్పులేదు.

ఆకలి మాటేమిటి?

పొద్దున మైదా పూరీలు తిన్నవాడికి పదకొండింటికల్లా మళ్ళీ ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. పెసరట్టు తిన్నవాడు మధ్యాహ్నం దాకా ఆగగలడు. ఇది మన పెద్దలకు అనుభవంతో తెలిసిన సంగతే. మాంసకృత్తులు, పీచు పేగుల్లోకి చేరినప్పుడు అక్కడి నుంచి కొన్ని హార్మోన్లు విడుదలై "ఇక చాలు" అన్న కబురును మెదడుకు అందిస్తాయి. పప్పు భోజనం ఆ కబురును కాస్త గట్టిగా, కాస్త ఎక్కువ సేపు వినిపిస్తుంది.

పప్పులకూ కడుపు నిండిన భావనకూ ఉన్న సంబంధం మీద జరిగిన 9 ప్రయోగాలను కలిపి విశ్లేషించి 2014లో ప్రచురించారు. పప్పులు తిన్నప్పుడు ఆ తృప్తి 31 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే తర్వాతి పూట తిన్న మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పప్పు మనకు తృప్తినిస్తుంది గానీ, మన చెయ్యి పట్టుకుని ఆపదు. తర్వాతి పూట మితంగా తినడం మన చేతిలోనే ఉంది. మితాహారం గురించి మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ మనందరికీ తెలిసిందే.

ఇంకో విశేషం కూడా ఉంది. ఉదయం మసూర్ వంటి పప్పు తింటే, ఆ ఫలితం మధ్యాహ్న భోజనం మీద కూడా ఉంటుందని, అప్పుడు పెరిగే చక్కెర కూడా తక్కువగా ఉంటుందని జెన్కిన్స్ బృందం 1982లో చూపింది. మన హైదరాబాదు ఇళ్ళలో పొద్దుటి పూట మసూర్ పప్పుతో ఖిచ్డీ వండుకోవడం ఉంది. అందులో బియ్యం తగ్గించి, పప్పు పెంచితే చాలు, ఆ పాత వంటే ఆరోగ్యపు వంట అవుతుంది.

పేరు చూసి మోసపోవద్దు

పప్పు కలిసిన ప్రతి వంటా పప్పు వంట కాదు. ఇడ్లీకి 1 గ్లాసు మినప్పప్పుకు 2 గ్లాసుల రవ్వ పోస్తాం. అంటే మూడింట రెండు వంతులు బియ్యమే. పెసరట్టులో బియ్యం పిడికెడు మాత్రమే. రెండూ టిఫిన్లే అయినా లెక్క వేరు.

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పకోడీ, మిర్చి బజ్జీ లేని రోజు ఉండదు. అవి శనగపిండితో చేసినవే, కానీ నూనెలో మునిగి తేలినవి. చక్కెరను మెల్లగానే పెంచినా, ఆ నూనె బరువును పెంచుతుంది. పెరిగిన బరువు మధుమేహాన్ని ముదురుస్తుంది. అదే పిండిని పెనం మీద అట్టులా పోసుకున్నా, గుంత పొంగనాల పెనంలో రెండు చుక్కల నూనెతో కాల్చుకున్నా రుచి పోదు. బేసన్ లడ్డూ, మైసూర్‌పాక్, సున్నుండల సంగతి సరేసరి. వాటిలో పప్పు పిండి చేసే మేలును చక్కెర, బెల్లం, నెయ్యి మింగేస్తాయి.

హైదరాబాదీ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ జీఐ భౌగోళిక గుర్తింపు, ఈ పాఠంలోని గ్లైసీమిక్ ఇండెక్స్ కాదు! అయినా గోధుమలు, పప్పులు, మాంసం కలిసిన వంట కనుక హలీమ్ కడుపు నింపుతుంది. నెయ్యి తగ్గించి, చిన్న గిన్నెతో సరిపెట్టుకుంటే చాలు.

ఇంట్లో చేసుకోదగ్గవి

1. కలిపిన రొట్టె: 3 గ్లాసుల గోధుమపిండికి 1 గ్లాసు శనగపిండి. సన్నగా తరిగిన ఉల్లి, కొత్తిమీర, చిటికెడు వాము, ఉప్పు వేసి కలిపి చపాతీలా కాల్చాలి. గోధుమలో కొరవడిన లైసీన్ శనగలో ఉంది, శనగలో కొరవడిన మెథియోనిన్ గోధుమలో ఉంది. రెండూ కలిస్తే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది.

2. పెసరట్టు: పొట్టు పెసలు రాత్రి నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బాలి. సహరీకి రెండు అట్లు, గిన్నెడు పెరుగు ఉంటే చాలు. పక్కన ఉప్మా వద్దు.

3. పుట్నాల మజ్జిగ: పుట్నాలను పొడి చేసి డబ్బాలో పెట్టుకోవాలి. పెద్ద గ్లాసు మజ్జిగలో 3 చెంచాల పొడి, ఉప్పు, జీలకర్ర పొడి కలిపి తాగాలి. పుట్నాలు వేగినవే కనుక మళ్ళీ వండే పని లేదు. పళ్ళు లేని వృద్ధులకు కూడా అనుకూలం.

4. శనగపిండి అట్టు: పిండిని నీళ్ళతో జారుగా కలిపి, టమాటా, ఉల్లి, పాలకూర తరిగి వేసి పెనం మీద పోయాలి. పది నిమిషాల పని.

పుట్నాల పొడి తప్ప మిగిలిన పప్పు పిండి ఏదీ పచ్చిగా తినకూడదు, బాగా ఉడకాలి లేదా కాలాలి. అలవాటు లేనివారికి మొదట్లో కడుపు ఉబ్బరంగా ఉంటుంది. కొద్దికొద్దిగా మొదలుపెట్టి, వాము, జీలకర్ర, ఇంగువ వాడితే రెండు వారాల్లో కుదురుకుంటుంది.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు రోజా ఉండాలనుకుంటే రమజాన్‌కు ముందే డాక్టరును కలవాలి. మందు మోతాదు, వేళ మార్చవలసి రావచ్చు. తిండి మార్చినప్పుడు కూడా ఆ సంగతి చెప్పాలి. రోజాలో రక్తంలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే ఇఫ్తార్ చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే పప్పు పిండి పనికిరాదు. అప్పుడు వెంటనే ఎక్కే గ్లూకోజ్, చక్కెర నీళ్ళే ప్రాణం కాపాడతాయి. నిదానం అన్ని వేళలా మంచిది కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పులు పెంచే ముందు తప్పనిసరిగా డాక్టరును అడగాలి.

కొనేటప్పుడు కల్తీ చూడండి

చవకగా దొరికే శనగపిండిలో బఠాణీ పిండి, మొక్కజొన్న పిండి, ఒక్కోసారి కేసరి పప్పు పిండి కూడా కలుపుతారు. కేసరి పప్పును నెలల తరబడి ఎక్కువగా తింటే కాళ్ళు పడిపోయే లాథిరిజం అనే జబ్బు వస్తుంది. పేదల పొట్ట కోసం కొనే పిండిలో ఈ విషం ఉండకూడదు. పసుపు రంగు కోసం మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగు కలిపే మోసం కూడా ఉంది. బడి సైన్సు ల్యాబులో ఉపాధ్యాయుల చేత, పిండి కలిపిన నీళ్ళలో రెండు మూడు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయించి చూస్తే, ఆ రంగు ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు మారతాయి. అన్నిటికంటే సులువైన దారి శనగపప్పు కొని, ఎంచి, ఎండబెట్టి, మన కళ్ళ ముందే గిర్నీలో ఆడించుకోవడం.

ఇక కిట్ లెక్క

చివరిగా ఒక చిన్న లెక్క చేద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి పప్పులు, గుడ్లు, మాంసం కలిపి రోజుకు 85 గ్రాములు సూచించింది. మాంసం, గుడ్లు కొనలేని ఇంట్లో ఇది దాదాపు పప్పుల నుంచే రావాలి. ఐదుగురున్న ఇంటికి 30 రోజులకు: 85 × 5 × 30 = 12,750 గ్రాములు. అంటే 12 కిలోల 750 గ్రాములు.

కిట్‌లో 2 కిలోల కందిపప్పు పెట్టామనుకుందాం. మనిషికి రోజుకు 13 గ్రాములు. ఒక చిన్న గుప్పెడు కూడా కాదు.

మరి బియ్యం? 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హత కార్డు ఉన్న సాధారణ కుటుంబానికి నెలకు మనిషికి 5 కిలోల ధాన్యం హక్కుగా వస్తుంది. ఐదుగురికి 25 కిలోలు. అంటే ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్నదాన్నే మన సంచిలో ఎక్కువగా పెడుతున్నాం, లేనిదాన్ని తక్కువగా పెడుతున్నాం. కార్డు లేని ఇళ్ళు కూడా కొన్ని ఉంటాయి, వారి సంచిలో బియ్యం తగ్గించకూడదు. ఎవరికి కార్డు ఉందో, ఎవరికి లేదో సర్వే చేసే వాలంటీర్లు రాసుకుంటే సరిపోతుంది.

కార్డు ఉన్న ఇళ్ళ కోసం దాతల ముందు మేము ఉంచే ప్రతిపాదన ఇది. బియ్యం సగానికి తగ్గించి, మైదా పూర్తిగా తీసేసి, చక్కెర సగం చేసి, ఆ సొమ్ముతో మనమే ఆడించిన శనగపిండి, పొట్టు పెసలు, పుట్నాలు, మసూర్ పప్పు సొమ్ము సరిపోయినంత మేర పెడదాం. పండుగ రోజు సేమ్యా, దానికి కావలసిన చక్కెర అలాగే ఉండనిద్దాం. ఈద్ ఆనందం పేదవారికీ హక్కే. సంచితో పాటు పైన చెప్పిన నాలుగు వంటలను తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కాగితం మీద అచ్చువేసి ఇద్దాం. చదవలేని తల్లులకు సంచి ఇచ్చే రోజే మన మహిళా సభ్యులు ఒకసారి చేసి చూపిస్తే ఇంకా మంచిది.

ఇందుకు కొత్త చందా అడగడం లేదు. మీరు ఇచ్చే సొమ్మునే కొంచెం వేరేగా ఖర్చు పెట్టమని అడుగుతున్నాం. వచ్చే కమిటీ సమావేశంలో కిట్ జాబితా ఖరారు కాకముందే మీ అభిప్రాయం తెలియజేయండి. ఈలోగా మీ సొంత వంటింట్లో వారానికి మూడు రోజులు పూరీ, ఉప్మాకు బదులుగా పెసరట్టో, కలిపిన రొట్టెనో మొదలుపెట్టండి. మనం తినేదే ఇతరులకు ఇస్తే ఆ దానానికి అందం.

అల్లాహ్ మీ దానధర్మాలను స్వీకరించి, మీకూ మీ కుటుంబాలకూ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.